‘మేం వాళ్ళం కాదండీ’ అని చెప్పుకోవాల్సిన పని లేదు

ప్రశ్న: అక్కా, మాది మలక్‌పేట. మా వారికి సిడ్నీలో ఉద్యోగం ఖాయమైంది, జనవరిలో బయల్దేరాలి. ఆఫీసుకి దగ్గరని పారమట్టాలో ఇల్లు చూస్తున్నారు. బాబుకి పద్నాలుగేళ్ళు. ఆ ఊళ్ళోనే పదిహేనేళ్ళ స్కూలు పిల్లవాడు పోలీసు ఆఫీసు ముందు కాల్పులు జరిపాడని చదివినప్పట్నుంచీ నాకు నిద్ర పట్టడం లేదు. బోండై బీచ్‌లో కాల్పుల సంగతి విన్నాక మా అత్తగారు అసలు వెళ్ళొద్దనే అంటున్నారు. ఇలాంటివి జరిగితే అక్కడివాళ్ళు మనల్ని ఎలా చూస్తారు? మేం హిందువులమని చూడగానే తెలిసేలా ఉంటే మంచిదా? మా పక్కింటివాళ్ళు ముస్లింలు. వాళ్ళమ్మాయి కాపురం సిడ్నీలోనే, అన్నీ దగ్గరుండి చూసుకుంటామంటున్నారు. వాళ్ళతో కలిసి తిరిగితే మాకేమైనా ఇబ్బందా?

జవాబు: చెల్లీ, చివరిదానికి ముందు చెప్పేస్తాను. సాయం చేస్తామన్న పక్కింటివాళ్ళని వదులుకోకండి. దిగిన మొదటి నెలలో ఇంటి అద్దె కాగితాలకి, బ్యాంకు ఖాతాకి, పిల్లాడి స్కూలుకి ఎవరో ఒకరు పక్కన ఉండాలి. అలాంటివాళ్ళు దొరకడం ఎంత కష్టమో వచ్చాక మీకే తెలుస్తుంది. సెలవుల్లో నేనూ ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఉన్నాను. మొన్న కొత్తపేటలో ఓ గృహప్రవేశానికి వెళితే ఇంకో ఇద్దరు తల్లులు ఇదే అడిగారు. ‘అక్కడ సేఫేనా’ అని అందరూ గట్టిగానే అడుగుతారు. ‘మనల్ని వాళ్ళనుకోరు కదా’ అని మాత్రం గొంతు తగ్గించి అడుగుతారు. నేను ఎక్కువ చెప్పదలచుకున్నది దీని గురించే.

ముందు జరిగిందేమిటో చూద్దాం. 2015 అక్టోబర్ 2, శుక్రవారం. సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో పారమట్టాలోని న్యూ సౌత్ వేల్స్ (సిడ్నీ ఉన్న రాష్ట్రం) పోలీసు ప్రధాన కార్యాలయం నుంచి కర్టిస్ చెంగ్ అనే ఉద్యోగి ఇంటికి బయల్దేరారు. ఆయన వయసు 58, అకౌంటెంటు. 17 ఏళ్ళుగా పోలీసు శాఖ లెక్కలు చూస్తున్న మనిషి. చేతిలో ఆయుధం లేదు, ఆయన అసలు పోలీసే కాదు. గుమ్మం దాటగానే ఓ పదిహేనేళ్ళ కుర్రాడు ఆయన్ని కాల్చి చంపాడు. కాపలా ఉన్న అధికారులు ఎదురు కాల్చడంతో వాడూ అక్కడే పోయాడు. వాడు పుట్టింది ఇరాన్‌లో, కుటుంబం ఇరాకీ కుర్దులు, చదువు ఆ ఊరి ప్రభుత్వ హైస్కూల్లోనే. వాడి పేరు నేను రాయను. చెంగ్ గారి పేరు గుర్తుంటే చాలు. పదిహేనేళ్ళవాడికి తుపాకీ ఎలా వచ్చిందంటే, వాడికన్నా పెద్దవాళ్ళు సంపాదించి చేతికిచ్చారు. ఇచ్చిన యువకుడికి 2018లో 44 ఏళ్ళ జైలు శిక్ష పడింది. అంటే పిల్లవాణ్ని ముందుకి తోసి, వెనకనుంచి నడిపించినవాళ్ళు వేరే ఉన్నారు. తల్లిగా మీరు భయపడాల్సింది వాళ్ళ గురించి. ఏ ఊళ్ళో ఉన్నా, హైదరాబాద్‌లో ఉన్నా సరే.

తర్వాతి వారం రోజులు పారమట్టాలో ఎలా గడిచాయో చెబుతాను. మాల్కం టర్న్‌బుల్ ప్రధాని అయి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. బహుకొద్దిమంది చేసిన పనికి ముస్లింలందర్నీ నిందించకూడదని ఆయన వెంటనే స్పష్టంగా చెప్పారు, ముస్లిం పెద్దలతో మాట్లాడారు. పైనుంచి ఆ మాట రావడం వల్ల ఆఫీసుల్లో, స్కూళ్ళలో కొంత వేడి తగ్గిందని నా నమ్మకం. మరుసటి శుక్రవారం పారమట్టా మసీదు పెద్ద, ఆస్ట్రేలియా నచ్చనివాళ్ళు దేశం వదిలి పొండని అందరిముందూ కోపంగా అన్నారు. అదే రోజు మసీదు ముందు నిరసనకి ఓ గుంపు పిలుపునిచ్చింది. ఆ పెద్దాయన కడుపుమంట నాకు అర్థమైంది. ఆ కుర్రాడు దాడికి ముందు ఆగింది ఆయన మసీదులోనే. ఊరంతా వేలెత్తి చూపిస్తుంటే ఏం మాట్లాడాలో తోచదు. కానీ ‘వెళ్ళిపొండి’ అన్న మాట దగ్గర నాకు పేచీ ఉంది. పదిహేనేళ్ళ పిల్లలు ఎక్కడికి పోతారు? వాళ్ళకి తెలిసిన బడి అదే, బస్టాపు అదే. ఆ మాట విని దారికొచ్చే పిల్లవాణ్ని నేను చూడలేదు. ఇంకాస్త మూలకి చేరిపోయేవాళ్ళే ఎక్కువ.

చెంగ్ గారి కుటుంబం మాటలు నన్ను ఎక్కువ కదిలించాయి. వాళ్ళదీ మనలాగే బయటినుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబమే, చైనా మూలాలున్నవాళ్ళు. వాళ్ళబ్బాయి స్కూలు టీచరు. ముస్లింలని దేశంలోకి రానివ్వొద్దన్న గోల మరుసటి ఏడాది బలంగా లేచినప్పుడు, మా నాన్న చావుని ద్వేషం పెంచడానికి వాడుకోవద్దని ఆయన బాహాటంగా రాశాడు. తండ్రిని పోగొట్టుకున్న మనిషి అంతమాట అనగలిగినప్పుడు, ఏమీ పోగొట్టుకోని మనం నోరు పారేసుకోవడం ఎంత తప్పో చూడండి.

నోరు పారేసుకున్నాం కూడా. పారమట్టా కాల్పులు జరిగిన ఆ వారాంతంలోనే, సిడ్నీలోని వెంట్‌వర్త్‌విల్‌లో ఓ ఇండియన్ కిరాణా షాపులో బిల్లు కోసం నిలబడ్డాను. నా ముందు మనవాళ్ళు ఇద్దరు, పెరుగు డబ్బాలూ మునక్కాడలూ పట్టుకుని తెలుగులో గట్టిగా మాట్లాడుకుంటున్నారు. వీళ్ళందర్నీ విమానం ఎక్కించి పంపేస్తే తప్ప ఈ దేశం బాగుపడదని ఒకాయన. బురఖా కనబడితేనే భయమేస్తోందని ఇంకొకాయన. బురఖాలో ఉన్న ఆవిడ నా వెనకే ఉంది. ఆవిడకి తెలుగు రాదని వాళ్ళ ధైర్యం. తన వంతు వచ్చాక ఆవిడ కౌంటర్ దగ్గర కుర్రాణ్ని, ‘తమ్మీ, కరివేపాకు అయిపోయిందా? మళ్ల ఎప్పుడొస్తది?’ అని అడిగింది. అచ్చమైన నల్లగొండ తెలుగు. వాళ్ళిద్దరూ ఇంకా గుమ్మం దగ్గరే సంచులు సర్దుకుంటున్నారు. తలెత్తలేదు, ఒక్క మాట కూడా అనలేదు. ఆవిడతో పాటు కారు దాకా నడిచాను. ‘వాళ్లనేం అంటం అక్కా. మా ఆయన రైలెక్కద్దంటుండు, గదే నాకు టెన్షన్’ అంది. కొలువుకి పోవాలంటే ఆవిడకి రైలే దిక్కు. కొన్నాళ్ళు ఇద్దరం ఒకే రైల్లో వెళ్ళాం. దారిపొడుగునా ఆవిడ మాట్లాడిందల్లా పిల్లల పరీక్షలు, వాళ్ళ ఊళ్ళో అమ్మ మోకాళ్ళ నొప్పులు.

హిందువులమని తెలిసేలా ఉండటం మంచిదా అన్నారు. బొట్టు మీకు అలవాటు కాబట్టి, ఇష్టం కాబట్టి పెట్టుకోండి. రక్షణ కోసం పెట్టుకోకండి, అది రక్షించదు. కొట్టేవాడు ఆగి మతం అడగడు. 2017 ఫిబ్రవరిలో అమెరికాలోని కాన్సస్‌లో మన హైదరాబాద్ ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ని ‘మా దేశం నుంచి పొండి’ అని అరుస్తూ కాల్చి చంపినవాడు, తాను ఇరానీలని కాల్చానని చెప్పుకున్నాడు. ఇరానీ కాదని చెప్పుకునే వ్యవధి శ్రీనివాస్‌కి ఎవరిచ్చారు? అయినా, ఇరానీ అయితే మాత్రం కాల్చొచ్చా? ‘మేం వాళ్ళం కాదండీ’ అని మనం అనగానే, వాళ్ళని మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండని ఒప్పుకున్నట్టే అవుతుంది. ఆ మాట వింటే నాకు కోపం అందుకే. ఆ రోజు కాన్సస్‌లో అడ్డుపడి తూటా తిన్న అమెరికన్ యువకుడు, వీళ్ళు ఏ మతంవాళ్ళని ఆలోచిస్తూ కూర్చోలేదు.

ఇక బోండై. 2025 డిసెంబర్ 14న అక్కడి బీచ్‌లో యూదుల హనూకా పండగ మీద జరిగిన కాల్పుల్లో 15 మంది చనిపోయారు. దాడికి దిగిన తండ్రీకొడుకుల్లో తండ్రి హైదరాబాద్‌లో బీకాం చదివి 1998లో ఆస్ట్రేలియా వెళ్ళినవాడని తెలంగాణ పోలీసులే ప్రకటించారు. వాడు అలా మారడానికి ఇక్కడితో సంబంధమేమీ కనబడలేదనీ, ఇక్కడి బంధువులకి ఆ సంగతే తెలియదనీ కూడా చెప్పారు. అదే బీచ్‌లో ప్రాణాలకి తెగించి ఒకడి చేతిలో తుపాకీ లాక్కున్నది సిరియాలో పుట్టిన పళ్ళ దుకాణదారు అహ్మద్ అల్ అహ్మద్. 2019లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని పొట్టనబెట్టుకున్నవాడు న్యూ సౌత్ వేల్స్‌లో పుట్టి పెరిగిన తెల్లవాడు, చనిపోయినవాళ్ళలో మన హైదరాబాద్ బిడ్డలున్నారు. 2014లో సిడ్నీ లింట్ కేఫ్‌లో బందీలైనవాళ్ళలో గుంటూరు అబ్బాయి ఉన్నాడు, దేవుడి దయవల్ల ప్రాణాలతో బయటపడ్డాడు. బోండై తర్వాత హైదరాబాద్ పేరు చెబితే అనుమానంగా చూస్తారేమోనని ఇప్పుడు మీకు భయంగా ఉంది కదా? 2015లో పారమట్టాలో కుర్దులూ, ఇరానీలూ, మా నల్లగొండ చెల్లీ బతికింది సరిగ్గా ఆ భయంతోనే.

నిజం చెప్పాలంటే మిమ్మల్ని ఎవరూ ఏమీ అనకపోవచ్చు. నూటికి తొంభై మంది ఎప్పటిలాగే పలకరిస్తారు. రైల్లో ఎవడో ఒకడు గొణగొచ్చు. ఎదురు మాట్లాడకుండా పెట్టె మారండి, టైమూ స్టేషనూ రాసిపెట్టుకుని 131 444కి ఫోన్ చేసి పోలీసులకి చెప్పండి. ప్రాణం మీదకొస్తే 000. ఇంగ్లీషులో తడబడతామని ఊరుకోకండి, 131 450కి చేసి తెలుగు దుబాసీ కావాలంటే మాట్లాడిస్తారు. ఆఫీసులో ప్రస్తావన వస్తే, పోయినవాళ్ళ కుటుంబాన్ని తలచుకుంటే చాలా బాధగా ఉందని చెప్పండి చాలు. మీ మతం సంజాయిషీ ఎవరూ అడగలేదు.

వాట్సాప్ దగ్గర మాత్రం చాలా జాగ్రత్తగా ఉండండి. 2024 ఏప్రిల్‌లో సిడ్నీ బోండై జంక్షన్ మాల్‌లో కత్తిపోట్లు జరిగినప్పుడు, ఏ పాపం తెలియని ఓ కాలేజీ కుర్రాడే హంతకుడని అతని పేరు ఊరంతా పాకించేశారు. రెండు రోజులకే సిడ్నీలోనే వేక్లీ అనే చోట ఓ పదహారేళ్ళవాడు చర్చిలో బిషప్‌ని పొడవడం లైవ్‌లో వెళ్ళింది. అది చూసి వందలమంది చర్చి ముందు పోగై, లోపల ఆ కుర్రాణ్ని కాపాడుతున్న పోలీసుల మీదే రాళ్ళు విసిరారు. అంబులెన్సు సిబ్బంది లోపలే చిక్కుకుపోయారు. గాయపడిన బిషప్ మాత్రం, తనని పొడిచినవాణ్ని క్షమించానని కొద్దిరోజులకే చెప్పారు. ‘ఇంకో పదిమంది ఉన్నారట’ అని మీ గ్రూపులో వస్తే ముందుకి పంపకండి. పంపినవాళ్ళు మీ ఆడపడుచైనా సరే, ఇది ఎవరు చెప్పారని అడగండి.

ఇప్పుడు మీ బాబు గురించి. మా వాడు అలాంటివాడు కాదని ఏ తల్లైనా అంటుంది, ఆ కుర్రాళ్ళ తల్లులూ అలాగే అనుకుని ఉంటారు. పద్నాలుగేళ్ళప్పుడు దేశం మారడం చిన్న సంగతి కాదు. లంచ్ టైములో ఒంటరిగా కూర్చోవడం, యాస వెక్కిరింతలు, ఇక్కడ క్లాసులో ఫస్టు వచ్చేవాడు అక్కడ నోరు మెదపలేకపోవడం, ఇవన్నీ ఇంట్లో చెప్పరు. వినేవాడు ఎవడు దొరికితే వాడికి చెప్పుకుంటారు. ఫోన్లో దొరికే ఆ వినేవాడు ఎవరన్నదే మీకు తెలియాలి. పదహారేళ్ళలోపు పిల్లలకి ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, స్నాప్‌చాట్ లాంటివాటిలో ఖాతాలు ఉండకూడదని ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10 నుంచి చట్టం అమల్లో ఉంది. దాన్ని నమ్ముకుని నిశ్చింతగా ఉండకండి. వాట్సాప్, డిస్కార్డ్ దాని కిందికి రావు, గేముల్లో కబుర్లు ఎలాగూ ఉంటాయి. ఫోను లాక్కోవడం కన్నా, పక్కన కూర్చుని వాడు ఆడే గేమేమిటో, అందులో ‘బ్రో’ అని పిలిచేది ఎవరినో అడగడం మేలు.

భక్తి పెరిగిందని కంగారు పడకండి, గడ్డం పెంచినా, మాల వేసుకున్నా అది రోగం కాదు. పాత స్నేహితుల్ని ఒక్కసారిగా వదిలేస్తే, పొద్దస్తమానం ఒకే జాతినో మతాన్నో తిడుతుంటే, ఎక్కడో జరిగిన హత్యని మెచ్చుకుంటే అప్పుడు ఆలోచించాలి. ఇంకో మాట. ఒక మతంవాళ్ళంతా రాక్షసులని చెప్పే వీడియోలు మనమే అన్నం తింటూ గట్టిగా పెట్టుకు చూస్తే, పక్కన కూర్చున్న పిల్లాడు ఏం నేర్చుకుంటాడు? ఇది ముస్లిం ఇళ్ళ సమస్యే అనుకునే హిందూ తల్లిదండ్రుల్ని నేను చాలామందిని చూశాను, వాళ్ళందరికీ ఇదే చెబుతాను.

అనుమానం వస్తే పరువు పోతుందని దాచుకోకండి. మొదట స్కూలు కౌన్సెలర్‌తో మాట్లాడండి. న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వానికి స్టెప్ టుగెదర్ అనే సహాయ సేవ ఉంది. సరిగ్గా ఇలాంటి దిగులున్న కుటుంబాల కోసమే పెట్టారు, గుట్టుగా మాట్లాడొచ్చు. ఎవరో దాడికి సిద్ధమవుతున్నారని తెలిస్తే మాత్రం 1800 123 400, ఇరవైనాలుగు గంటలూ పనిచేసే జాతీయ భద్రతా హాట్‌లైన్.

ఇల్లు పారమట్టాలోనే చూసుకోండి, మీ అత్తగారికి నా మాటగా చెప్పండి. అక్కడ ప్రభుత్వ స్కూలు సీటు ఇంటి చిరునామాని బట్టి వస్తుంది, కాబట్టి అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టేముందే ఆ ఇల్లు ఏ స్కూలు పరిధిలోకి వస్తుందో చూసుకోవాలి. మీ వీసా రకాన్ని బట్టి ప్రభుత్వ స్కూలుకి కూడా ఫీజు కట్టాల్సి రావచ్చు, అది మీ వారి కంపెనీని ముందే అడగమనండి. కొత్త విద్యా సంవత్సరం జనవరి ఆఖర్లోనో ఫిబ్రవరి మొదట్లోనో మొదలవుతుంది. బాబు టీకాల రికార్డు, పాత మార్కుల షీట్లు చేతి సంచీలో పెట్టుకోండి. చేర్పించే రోజున, ఇంగ్లీషు అదనపు క్లాసులు ఉన్నాయా, కౌన్సెలర్ ఏయే రోజుల్లో వస్తారు, తన తరగతి పిల్లల బాగోగులు చూసే ఇయర్ అడ్వైజర్ ఎవరు, ఈ మూడూ అడిగి పేర్లు రాసుకోండి. బాబుని పక్కన కూర్చోబెట్టుకునే అడగండి.