సమవిభజన దశలు గుర్తుండాలంటే ఉల్లి వేరు కోసి చూడండి

"సమవిభజన దశలు ఎంత చదివినా మర్చిపోతున్నాను, గుర్తుపెట్టుకునే సులువైన మార్గం చెప్పండి" అని అడిగారు. ఒక కణం తనలాంటివే రెండు కణాలుగా విడిపోవడమే సమవిభజన. అందరూ చెప్పే మార్గం పీమ్యాట్, అంటే ప్రోఫేజ్, మెటాఫేజ్, అనాఫేజ్, టీలోఫేజ్ అనే నాలుగు దశల ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు. అది పరీక్ష హాలు దాటేదాకే పనికొస్తుంది. పద్నాలుగేళ్లుగా కొండపి చుట్టుపక్కల హైస్కూళ్లలో జీవశాస్త్రం చెప్తున్నాను కాబట్టి గట్టిగానే అంటాను, విడిపోయే కణాన్ని ఒక్కసారి కళ్లారా చూసిన పిల్లలకి ఈ దశలు బట్టీ పట్టాల్సిన పనే లేదు.

ఒక ఏడాది జనవరిలో తొమ్మిదో తరగతి వాళ్లతో ఉల్లిపాయలు తెప్పించాను. అడుగు నీళ్లకి తగిలేలా టీ గ్లాసుల మీద కూర్చోబెడితే మూడో రోజుకి తెల్లగా వేర్లు దిగాయి. పొద్దున్నే కొసలు కోసి, ఆల్కహాల్, ఎసిటిక్ ఆమ్లం కలిపిన సీసాలో ఒక రాత్రి ఉంచాం. మర్నాడు గోరువెచ్చని పలుచటి ఆమ్లంలో మెత్తబరిచి, ఎసిటోకార్మిన్ రంగు పట్టించి, కవర్ స్లిప్ పెట్టి, పైన బ్లాటింగ్ కాగితం వేసి బొటనవేలితో నొక్కాం. మొదటి స్లైడులో ఏమీ లేదు. ఒక పిల్లాడు కొస పారేసి పైముక్క పెట్టాడు, అందులో అన్నీ సాగిపోయిన పొడుగాటి కణాలే. నేను తిట్టలేదు, ఆ స్లైడునే అందరికీ చూపించాను. వేరులో విభజన దాదాపు అంతా చివరి ఒకటి రెండు మిల్లీమీటర్లలోనే అని గంట చెప్పినా ఎక్కనిది, ఆ తప్పు ముక్కతో ఎక్కింది.

రెండో స్లైడులోనూ చాలా కణాలు గుండ్రటి కేంద్రకంతో ఊరికే ఉన్నాయి, అదే అంతర్దశ, అంటే రెండు విభజనల మధ్య కాలం. ఒక అమ్మాయి మాత్రం స్లైడుని మెల్లగా జరుపుకుంటా పోయి ఆగింది. "సార్, దారాలు రెండు పక్కలకీ లాగేసినట్టుండాయి!" అదే చలన దశ, పీమ్యాట్‌లో మూడోదైన అనాఫేజ్. ఉల్లి కణానికి 16 క్రోమోజోములు, అంటే జన్యువులు మోసే పోగులు. విడిపోయే ముందు ఒక్కోటీ రెండవుతుంది కాబట్టి అటు 16, ఇటు 16 ఎర్రటి పోగుల్లా విడిపోతూ ఆగిపోయి ఉన్నాయి. దారాలు అని ఆ పిల్ల తనంతట తనే అంది చూడండి, 1882లో జర్మన్ శాస్త్రవేత్త వాల్టర్ ఫ్లెమింగ్ సమవిభజనకి పెట్టిన మైటాసిస్ అనే పేరుకి మూలమైన గ్రీకు మాట అర్థం కూడా దారమే. సీసాలో వేసిన క్షణానికి ఏ కణం ఎక్కడుంటే అక్కడే ఆగిపోయింది కాబట్టి నాలుగు దశలూ ఆ ఒక్క కొసలోనే దొరికాయి. పుస్తకంలో నాలుగు బొమ్మలు విడివిడిగా గీసేసరికి పిల్లలు అవి నాలుగు వేరే సంగతులు అనుకుంటున్నారు. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఇంకో బాధ చెప్పాలి. అంతకు ముందు పనిచేసిన ఒక స్కూల్లో మంచి మైక్రోస్కోపు ఉండేది, బీరువాలో. పిల్లలు పాడు చేస్తారని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, చివరికి కటకాలకి బూజు పట్టి ఎవరికీ పనికిరాకుండా పోయింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

దారాలు చూసిన ఆ అమ్మాయి అక్కడితో ఆగలేదు. వాళ్లమ్మ పొగాకు చేలల్లో పిలకలు గిల్లే కూలికి పోతుంది. "పోయిన వారం గిల్లొచ్చిన చోటే మళ్లా వచ్చుండాయంట సార్, అవీ ఇట్టానే విడిపోతాయా?" అంది. ఇలాంటి ప్రశ్న నాకు ఏ ట్రైనింగులోనూ ఎదురు కాలేదు. పొగాకు తల తుంచగానే పై మొగ్గ నుంచి దిగే ఆక్సిన్ అనే హార్మోను ఆగిపోతుంది, అప్పటిదాకా ఆకు మొదట్లో నిద్రపోతున్న మొగ్గల్లో కణాలు విడిపోవడం మొదలుపెడతాయి. జామాయిల్ నరికాక మోడు చిగురించేదీ ఇలా నిద్ర లేచిన మొగ్గలతోనే. విడిపోతూ కొత్త కణాల్ని పుట్టించే వాటిని మూల కణాలు అంటారు, మొక్కలో అవి ముఖ్యంగా ఉండేది ఈ మొగ్గల కొసల్లో, వేరు కొసల్లో. మన ఎముక మజ్జలో ఉన్నవైతే సెకనుకి 20 లక్షలకు పైగా ఎర్ర రక్తకణాలు తయారయ్యేలా చూస్తున్నాయి.

ఈ పాఠం సరిగ్గా చెప్పకపోతే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను. మా పిన్ని కూతురు ఏడో నెలలో ఉండగా ఒకాయన వచ్చి, మూల కణాలుండే బొడ్డుతాడు రక్తం దాచకపోతే రేపు బిడ్డకి ఏదైనా జబ్బొస్తే మీరే బాధ్యులని టెన్షన్ పెట్టి, అప్పు చేయించి మరీ డబ్బు కట్టించుకున్నాడు. తలసేమియా లాంటి పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బయితే అదే లోపం ఆ దాచిన కణాల్లోనూ ఉంటుందని ఒక్క మాట చెప్పలేదు. సొంతానికని ఇలా ప్రైవేటుగా దాచడాన్ని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సిఫారసు చేయదని నాకు తెలుసు, కానీ నేను వెళ్లేసరికి సంతకాలు అయిపోయాయి.

మీరు మాత్రం ఇవాళ రాత్రే ఒక ఉల్లిపాయకి పాత వేర్లు గీకేసి గ్లాసు మీద పెట్టండి. రంగుకీ మైక్రోస్కోపుకీ మీ సార్‌ని అడగండి. కోసేటప్పుడు మాత్రం కొసే తీసుకోండి, పైముక్క కాదు.