గీజర్ మీద 2000 వాట్లు, మీటర్‌లో 1224

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. సాయంత్రం ఆరు దాటితే లైట్లు డల్ అయిపోతాయి, గీజర్‌లో నీళ్లు ఎంతకీ కాగవు. దాని మీద 230 వోల్టులు, 2000 వాట్లు అని ఉంది. ఎలక్ట్రీషియన్ క్లాంప్ మీటర్ పెట్టి 180 వోల్టులు, 6.8 ఆంపియర్లు అన్నాడు. గుణిస్తే 1224 వాట్లే! కాయిల్ పోయింది, మార్చాలంటున్నాడు. ప్లగ్గు పిన్ను ఒకటి గోధుమ రంగుకి కూడా తిరిగింది. బిల్లేమో 2000 వాట్లకే కడుతున్నామా అని టెన్షన్.

జవాబు: అమ్మా, కాయిల్ మార్చకండి. అది బాగుందని మీరు రాసిన అంకెలే చెబుతున్నాయి. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్ వస్తుంది కదా, 180ని 6.8తో భాగించండి, 26.5 ఓమ్‌లు. ఇప్పుడు గీజర్ మీద అచ్చేసిన లెక్క తీసుకుంటే, 2000ని 230తో భాగిస్తే 8.7 ఆంపియర్లు, 230ని ఆ 8.7తో భాగిస్తే 26.4. కొన్నప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే. కాయిల్ తెగి ఉంటే అసలు కరెంటే పారదు.

తగ్గింది వోల్టేజీ. దాంతోపాటు కరెంటూ తగ్గింది, తగ్గిన రెండింటినీ గుణిస్తాం కాబట్టి పవర్‌కి దెబ్బ రెండుసార్లు తగులుతుంది. వోల్టేజీ 22 శాతం తగ్గితే వాట్లు 39 శాతం పడిపోయాయి. బిల్లు గురించి మాత్రం దిగులొద్దు: 15 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 50కి కాగాలంటే ఎలాగైనా దాదాపు 0.44 యూనిట్ కావాలి, 230 ఉంటే 13 నిమిషాల్లో, మీ ఇంట్లో సాయంత్రం 21 నిమిషాల్లో.

నాకు భయమేసింది ఆ పిన్ను గురించి చదివాకే. లూజుగా ఉన్న పిన్ను దగ్గర అర ఓమ్ రెసిస్టెన్స్ ఉందనుకోండి. కరెంటుని కరెంటుతోనే గుణించి, దాన్ని రెసిస్టెన్స్‌తో గుణిస్తే అక్కడ పుట్టే వేడి ఎంతో తెలుస్తుంది: సాయంత్రం 23 వాట్లు, పొద్దున పూర్తి వోల్టేజీ ఉన్నప్పుడు 38. సీసం కరిగించే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే! ఈ రోజే ఆ ప్లగ్గు, సాకెట్ రెండూ తీసేసి 16 ఆంపియర్లవి వేయించండి, స్క్రూలు గట్టిగా బిగించమనండి. అదే చేత్తో గీజర్ ఆపి వోల్టేజీ చూడమనండి. 230 దగ్గరికి లేస్తే లోపం మీ వైరింగ్‌లోనో, స్తంభం నుంచి వచ్చే సర్వీస్ వైరులోనో ఉంది. లేవకపోతే వీధి లైన్‌లోనే తక్కువ వస్తోందని అర్థం, 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి.

ప్రశ్న: బంగారుపాళెం దగ్గర మామిడి తోట ఉంది. బోరు మోటారు 2 హెచ్‌పీ, సింగిల్ ఫేజ్, 230 వోల్టుల దగ్గర 12 ఆంపియర్లు లాగుతోంది. దీనికీ ఇదే లెక్కా?

జవాబు: కాదండీ. 230ని 12తో గుణిస్తే వచ్చే 2760 వాట్లు కావు, దాన్ని పవర్ ఫ్యాక్టర్‌తో, అంటే ఆ గుణకారంలో నిజంగా వాట్లుగా మారే వాటాతో, కూడా గుణించాలి. అది 0.8 అయితే 2208 వాట్లు. 2 హెచ్‌పీ అంటే 1492 వాట్లు, అది షాఫ్ట్ దగ్గర చేతికొచ్చే పని, మిగతాది వేడిగా పోతుంది. వోల్టేజీని కరెంటుతో భాగించి వైండింగ్ (మోటారు లోపలి తీగచుట్ట) రెసిస్టెన్స్ అనుకోవడం కూడా తప్పే. ఇంకో సంగతి, లో వోల్టేజీలో గీజర్ కరెంటు తగ్గిస్తుంది గానీ మోటారు అదే నీళ్లు ఎత్తాలి కాబట్టి ఇంకా ఎక్కువ లాగుతుంది. వైండింగులు కాలిపోయేది చాలాసార్లు అప్పుడే. 180 చూపిస్తుంటే ఆ పూటకి మోటారు ఆపేయండి.