పెట్టెకు తాళం తీసేయి

బరంపురం

అమ్మాయీ,

నీ నవల రాతప్రతి రెండుసార్లు చదివాను. ఆలస్యమైందని అలగకు. కంటి శుక్లం తీయించుకుని నెల రోజులు అక్షరం జోలికి పోలేదు. హత్య బాగుంది, ప్రేమా బాగుంది. కాకపోతే ఆ రెండూ ఒకే ఇంట్లో ఉంటూ మాట్లాడుకోని తోడికోడళ్లలా ఉన్నాయి.

ముందు ఆ ఇనప్పెట్టె సంగతి. తాతగారి ఉత్తరం అందులో ఉంది, తాళంచెవి పోయింది, పదిహేనో అధ్యాయంలో పూజగదిలో దొరికింది. ఇలాంటి పెట్టెలు వారపత్రికల సీరియళ్ల కాలంలోనే తుప్పుపట్టాయి. నేనూ రెండు వాడాను కనుక చెబుతున్నాను. అసలు మీ పర్లాకిమిడిలో రహస్యానికి పెట్టె దేనికి? 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మనమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం. తాతలు ఉత్తరాలూ కాగితాలూ తెలుగులో రాసుకున్నారు, మనవలు ఒడియా బడికి వెళ్లారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవలేరు. నా మనవరాలు నా కథలు నా చేతే చదివించుకుంటుంది. ఆ ఉత్తరాన్ని దేవుడి పటం వెనక అట్టగా ఉండనీ. రోజూ అక్కడ దీపం పెట్టే పిల్లకే దాన్ని చదవడం రాదు.

అప్పుడు చదివిపెట్టే మనిషి కావాలి. నీ కథానాయకుడు సరిహద్దు అవతల, ఆంధ్రాలోని పాతపట్నం వాడే కదా? ప్రస్తుతం అతనికి ఆమెను చూసి నిట్టూర్చడం తప్ప వేరే పని లేదు. ఉత్తరం అతని చేతికివ్వు. చదువుతూ చదువుతూ ఒక వాక్యం దాటేస్తాడు, అందులో తన తాత పేరుంది మరి. ఆ తడబాటు పాఠకుడి కంటపడాలి, ఆమె కంట పడకూడదు. కొన్నాళ్లకు ఆమె ఓనమాలు దిద్దడం మొదలుపెడుతుంది. ఎందుకనుకున్నావు? అతని పేరు తెలుగులో రాయాలని. ఒక్కొక్క గుణింతం వస్తున్నకొద్దీ ఆమె ఆ వాక్యానికి దగ్గరవుతుంది. పక్కన కూర్చుని దిద్దించేది కూడా అతనే. ఇంతకంటే ఉత్కంఠ నీకు ఏ తుపాకీ ఇస్తుంది?

చంపడానికి కారణంగా ‘పదవీ వ్యామోహం’ అని రాసి ఊరుకున్నావు. అది చాలదు. ఒకే జమీందారీ భూములు సరిహద్దుకు అటు 1948 మద్రాసు చట్టం కింద, ఇటు 1951 ఒడిశా చట్టం కింద రద్దయ్యాయి. రెండు వైపులా పొలాలున్న కుటుంబంలో ఏ చెక్క ఎవరి పేరున రాయించారో తవ్వి చూడు. ఆ సంగతి ఎన్నికల సభలో బయటపెడతానన్న మనిషిని బతకనిస్తారా? నీ హతుణ్ణి నాయకుడిగా కాక, ఆ కాగితాలు చూసినవాడిగా చంపు.

పోలీసుల విషయంలో కాలం తేల్చుకో. మహేంద్రతనయ ఒడ్డున శవం దొరికితే రెండు రాష్ట్రాల ఠాణాలూ ‘మా పరిధి కాదు’ అని తోసుకోవడం పాత రోజుల కథకు నప్పుతుంది. 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు నమోదు చేయాల్సిందే. ఆ తర్వాత జరిగిన హత్యకు నీ ఎస్సై ‘302’ అనడం కూడా కుదరదు, పాత శిక్షాస్మృతిలోని ఆ సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 103. నన్నడిగితే కథను 1980ల్లోకి జరుపు. సెల్‌ఫోన్లు ఉండవు, నీకూ సుఖం.

ఇంకొకటి, దీనికి మాత్రం నిజంగానే కోపం వచ్చింది. నీ పాత్రలు ప్రేమించుకునేటప్పుడు గ్రాంథికంలోకి దిగిపోతున్నాయి. ‘నా హృదయ సామ్రాజ్ఞీ’ అంటాడా ఆ కుర్రాడు, సంతలో చింతపండు బేరమాడినవాడు! గిడుగు రామమూర్తిగారు వాడుక భాష కోసం పోరాడిన ఊరమ్మా మీది. ఆ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఇల్లూ వాకిలీ వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన ఊళ్లో కూర్చుని సామ్రాజ్ఞులను పిలవకు. ‘అన్నం తిన్నావా’ అనిపించు, చాలు. అబద్ధం దాచుకున్నవాడి నోట ఆ మాటే వణుకుతుంది.

మూడో అధ్యాయం నుంచి తిరగరాసి పంపు. ఈసారి చేతిరాత వద్దు, పెద్ద అక్షరాల్లో అచ్చు తీయించు. శుక్లం తీసింది ఒక కంటికే.

ఆశీస్సులతో,
మీ మాస్టారు