డాక్టర్ సలహా: ఐదు వారాలుగా కనురెప్పలకు రాస్తున్న ఆ ట్యూబు ఏమిటి?

ప్రశ్న: నా వయసు 34. రసాయనాలు తగ్గించాలని మూడు నెలల క్రితం డియోడరెంట్, ఫేస్‌వాష్, ఇల్లు తుడిచే ద్రావణాలు మానేశాను. చంకల్లో వంటసోడా, నిమ్మరసం కలిపి రాస్తున్నాను. ముఖానికి టీ ట్రీ నూనె వాడుతున్నాను. బాత్రూమ్ వెనిగర్‌తో కడుగుతాను. మరకలు పోకపోతే కొంచెం బ్లీచ్ కలుపుతాను, అప్పుడు మాత్రం దగ్గు వస్తుంది, కళ్లు మండుతాయి. ఐదు వారాలుగా చంకల్లో, కనురెప్పల మీద ఎర్రబడి దురదగా ఉంటోంది. మందుల షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్ రాస్తే తగ్గుతోంది, ఆపితే మళ్లీ వస్తోంది. ఇప్పుడు షాంపూ కూడా మానేద్దామనుకుంటున్నాను. నాకు, మా మూడేళ్ల పాపకు పనికొచ్చే సహజమైనది ఏదైనా చెప్పండి. - ఒక పాఠకురాలు

జవాబు: షాంపూ గురించి చివర్లో చెబుతాను. మీ ఉత్తరంలో నాకు ఆందోళన కలిగించినవి రెండున్నాయి: బాత్రూమ్‌లో వచ్చే దగ్గు, కనురెప్పల మీద రాస్తున్న ఆ ఆయింట్‌మెంట్.

ముందు బాత్రూమ్ సంగతి. వెనిగర్, బ్లీచ్ ఎంత కొంచెమైనా సరే, ఇక ఎప్పుడూ కలపకండి. బ్లీచ్‌లో ఉండే సోడియం హైపోక్లోరైట్‌కు ఆమ్లం తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది. మీ దగ్గు, కళ్ల మంట దానివల్లే అయ్యుండాలి. నిమ్మరసంతో కలిపినా, టాయిలెట్ క్లీనర్లలో ఉండే హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో కలిపినా ఇదే జరుగుతుంది. అమ్మోనియా ఉన్న ద్రావణాలతో కలిస్తే క్లోరమైన్లు వస్తాయి, అవీ ఊపిరితిత్తులకు హాని చేసేవే. ఒకదానితో కడిగాక నీళ్లు బాగా పోసి, ఆ వాసన పూర్తిగా పోయాకే రెండోది ముట్టుకోండి. రెండూ ఒకే రోజు వాడకపోతే ఇంకా మంచిది.

ఎప్పుడైనా పొరపాటున కలిస్తే వెంటనే బయటికి వచ్చేయండి. బకెట్ పారబోద్దామని మళ్లీ లోపలికి వెళ్లొద్దు. కళ్లు మండుతుంటే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడగండి. దగ్గు తగ్గినట్టే అనిపించి, కొన్ని గంటల తర్వాత ఆయాసం మొదలయ్యే అవకాశం ఉంటుంది. అలాంటప్పుడు, లేదా ఛాతీ బిగుసుకున్నట్టున్నా, పిల్లికూతలు వినిపించినా ఇంట్లో కూర్చోకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. మీకు గానీ పాపకు గానీ ఆస్తమా ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే మరీ జాగ్రత్త.

ఇక ఆ ట్యూబు. పేరు రాయలేదు కాబట్టి అదేమిటో నేను కచ్చితంగా చెప్పలేను. కానీ రాస్తే తగ్గి, ఆపితే తిరగబెట్టడం స్టెరాయిడ్ క్రీముల్లో తరచూ కనిపించే తీరు. ట్యూబు మీద క్లోబెటాసోల్, బీటామెథసోన్, మోమెటాసోన్ లాంటి పేరు ఏదైనా ఉందేమో చూడండి. కొన్నింటిలో స్టెరాయిడ్‌తో పాటు ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కూడా కలిపి ఉంటాయి. అలాంటివి చాలామంది మామూలు దురద మందు అనుకుని వాడేస్తుంటారు.

స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. సరైన జబ్బుకు, సరైన చోట, సరైన మోతాదులో, కొద్ది రోజులకు మేమే రాసిస్తాం. మీ విషయంలో ఇబ్బంది ఎక్కడంటే, కనురెప్పల చర్మం శరీరంలో అన్నిటికన్నా పల్చనిది. మందు తేలిగ్గా లోపలికి ఇంకుతుంది. బలమైన స్టెరాయిడ్ అక్కడ వారాల తరబడి రాస్తే కంటి లోపలి ఒత్తిడి పెరిగి, కంటి నరం దెబ్బతినే గ్లాకోమాకు, కొందరిలో శుక్లాలకు దారితీయవచ్చు. గ్లాకోమాలో మొదట్లో నొప్పి గానీ చూపు తేడా గానీ తెలియకపోవచ్చు, అందుకే నాకు భయం. చంకల్లో మడత ఉంటుంది, చెమట ఉంటుంది, అక్కడా మందు ఎక్కువగా ఇంకుతుంది. చర్మం పల్చబడి చారలు పడితే అవి శాశ్వతంగా ఉండిపోతాయి. ఒకవేళ అది ఫంగస్ అయితే స్టెరాయిడ్ ఎర్రదనాన్ని, దురదను మాత్రమే అణచిపెడుతుంది, అడుగున ఫంగస్ పాకుతూనే ఉంటుంది. తామరకు ఉండే గుండ్రటి అంచు కూడా చెదిరిపోవడంతో, తర్వాత చూసే డాక్టర్‌కు గుర్తుపట్టడం కష్టమవుతుంది.

సబ్బులో ఏముందో చదివి మరీ మానేసిన మీరు, ఈ ట్యూబు వెనక ఏముందో ఒక్కసారి చదవాల్సింది కదమ్మా! ఐదు వారాలు చిన్న సమయం కాదు. రెండోసారి తిరగబెట్టినప్పుడే చూపించుకుని ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఉన్నపళంగా ఆపితే ఎర్రదనం, మంట ఒక్కసారిగా ఎక్కువ కావచ్చు. దానికి భయపడి మళ్లీ అదే రాయడం, లేదా ఇంకో షాపుకి వెళ్లి ఇంకా బలమైనది తెచ్చుకోవడం చాలామంది చేసే పని. మీరు అలా చేయొద్దు. ఈ వారంలోనే చర్మవైద్యుల దగ్గరకు వెళ్లండి, ఎలా ఆపాలో వాళ్లే చెబుతారు. కనురెప్పల మీద వాడింది స్టెరాయిడే అని తేలితే కంటి డాక్టర్ దగ్గర కంటి ఒత్తిడి కూడా కొలిపించుకోండి. చూపు మసకబారినా, కన్ను నొప్పిగా ఉన్నా ఈ వారం దాకా కూడా ఆగవద్దు.

అసలు దురద ఎందుకు వచ్చిందంటే, చూడకుండా ఇదే అని తేల్చలేను, అనుమానాలు మాత్రం చెబుతాను. మన చర్మం పైపొర కొంచెం ఆమ్లంగా ఉంటుంది, పీహెచ్ (ఆమ్లమా, క్షారమా చెప్పే కొలత; 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) దాదాపు 5. వంటసోడా నీళ్ల పీహెచ్ 8 పైన ఉంటుంది. నిమ్మరసానిది 2 దగ్గర. రోజూ ఇలాంటివి రుద్దితే, అందులోనూ షేవ్ చేసిన చోట, చర్మం ఒరుసుకుపోయి మండటంలో ఆశ్చర్యం లేదు. నిమ్మరసంతో ఇంకో చిక్కుంది. అది చేతి మీదో మెడ మీదో కారి, కడుక్కోకుండా ఎండలోకి వెళితే ఒకటి రెండు రోజుల్లో కాలినట్టు బొబ్బలు లేచి, తర్వాత నల్లమచ్చలు నెలల తరబడి ఉండిపోవచ్చు.

కనురెప్పల విషయంలో నా మొదటి అనుమానం టీ ట్రీ నూనె మీద. మూత తీసి చాలా కాలమైన సీసాలో నూనె గాలి తగిలి మారుతుంది, ఆ మారిన పదార్థాలే ఎక్కువగా అలర్జీ తెప్పిస్తాయి. మీరు రెప్పలకు రాయకపోయినా, నూనె అంటిన వేళ్లతో కళ్లు నలుపుకుంటే చాలు. మొదటి నెలలో ఏమీ కాలేదు కదా అనుకోకండి, అలర్జీ కొంతకాలం వాడాకే మొదలవుతుంది. ఒకసారి మొదలైతే ఆ తర్వాత తగిలిన ప్రతిసారీ రెండు మూడు రోజుల్లో బయటపడుతుంది. కచ్చితంగా తెలియాలంటే అనుమానమున్న పదార్థాలను వీపు మీద అంటించి చూసే ప్యాచ్ టెస్ట్ ఉంది, అవసరమైతే మీ డాక్టర్ చేయిస్తారు.

అందాకా వంటసోడా, నిమ్మరసం, నూనెలు అన్నీ ఆపండి. వాసన లేని మైల్డ్ క్లెన్సర్, నీళ్లు, అవసరమైతే వాసన లేని మామూలు వాజలీన్, అంతే. డియోడరెంట్ లేకపోతే పర్వాలేదు, రోజూ కడుక్కుని పొడిగా తుడుచుకుంటే చాలు. సువాసనలు, అక్కర్లేని క్రీములు తగ్గించాలన్న మీ ఆలోచన మంచిదే, దాన్ని నేను కాదనను. టూత్‌పేస్ట్ మాత్రం మార్చకండి. ఫ్లోరైడ్ ఉన్నదే వాడండి, బొగ్గు పొడులు వద్దు. ఎండకు కొబ్బరినూనె సన్‌స్క్రీన్‌తో సమానం కాదు.

పాప చిన్నది కాబట్టి ఒక మాట. టీ ట్రీ, యూకలిప్టస్ నూనెలు పిల్లలు కొద్దిగా మింగినా మత్తు, తూలడం, ఒక్కోసారి ఫిట్స్ రావచ్చు. తాళం వేసిన చోట పెట్టండి. వెనిగర్‌ని, బ్లీచ్‌ని తాగే నీళ్ల సీసాల్లో అసలే పోయకండి. పాప మింగితే వాంతి చేయించొద్దు, సీసా పట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

షాంపూ విషయానికొస్తే, దురద తగ్గి కనీసం నెల గడిచేదాకా ఏ కొత్త పదార్థమూ మొదలుపెట్టకండి. లేకపోతే ఏది పడలేదో తెలుసుకోవడం కష్టం. తలకు వంటసోడా వద్దు, జుట్టు గరుకై విరుగుతుంది. పాపకు వాసన లేని మైల్డ్ షాంపూ కొంచెం చాలు, రోజూ అక్కర్లేదు. తర్వాత ఏదైనా కొత్తది వాడాలనుకుంటే, ఒంటికి రాసుకునేదాన్ని మోచేతి లోపలి వైపు రోజుకు రెండుసార్లు చొప్పున వారం పది రోజులు రాసి చూడండి. కడిగేసేదైతే అక్కడే రాసి, కాసేపాగి కడిగేయండి. దురద మొదలైతే వెంటనే ఆపేయాలి. డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు మాత్రం ఆ ట్యూబు, టీ ట్రీ నూనె సీసా రెండూ వెంట తీసుకెళ్లండి. ట్యూబు ఖాళీ అయిపోయినా సరే.