వంశధార గట్టు తెగిందన్న వీడియో: లెన్స్‌లో ఎందుకు దొరకలేదంటే

గట్టు తెగిందన్న వీడియోను గూగుల్ లెన్స్‌లో (ఫొటోతో వెతికే సాధనం) వెతికితే ఏమీ రాలేదు, అంటే కొత్తదేనా, మా అమ్మావాళ్లు ఇల్లు ఖాళీ చెయ్యాలా అని అడిగారు. లెన్స్‌లో ఏమీ రాలేదంటే వీడియో కొత్తదని కాదండి. మీరు వెతికింది మొదటి ఫ్రేముతో. అందులో సగం «గట్టు తెగింది, నరసన్నపేట గ్రూపులన్నిటికీ పంపండి» అన్న రాతే. లెన్స్ ఆ అక్షరాల వెంట పడింది.

1. వీడియో ఆపి ఆపి నాలుగైదు చోట్ల స్క్రీన్‌షాట్ తీయండి.

2. అందరూ వదిలేసేది ఇదే: రాతలు, లోగోలు కత్తిరించి కదలని వస్తువునే ఉంచండి. వంతెన స్తంభం, గుడి గోపురం, కొట్టు బోర్డు, ఏదైనా సరే. వరద నీళ్లు ఎక్కడైనా ఒకలాగే ఉంటాయి, వాటితో వెతికి లాభం లేదు. బోర్డు మీద అక్షరాలు తిరగబడి కనిపిస్తే, ఫొటో ఎడిట్‌లో ఫ్లిప్ చేసి మళ్లీ వెతకండి. దొరక్కూడదని కొందరు అలా తిప్పుతారు.

3. దొరికినవాటిలో అన్నిటికన్నా పాత తేదీ చూడండి. 2018 అక్టోబరు అయితే, పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను నాటిది కావచ్చు.

వీడియోలో కనిపించే బండి నంబరు ఏపీ 39 అయితే తిత్లీ నాటిది కాదు, ఆ సిరీస్ 2019లో వచ్చింది. శ్రీకాకుళం పాత సిరీస్ ఏపీ 30 ఉంటే ఏమీ తేలదు, ఆ బళ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి.

అమ్మావాళ్లు ఇల్లు ఖాళీ చెయ్యాలా వద్దా అన్నది మాత్రం ఇప్పుడే వాళ్ల ఊరి సచివాలయానికో తహశీల్దారు ఆఫీసుకో ఫోన్ చేసి అడగండి, వెతుకులాట తర్వాత.

గ్రూపులో ఆ వీడియో మళ్లీ పెట్టకండి. ముందు ఆ ఆఫీసువాళ్లు చెప్పిన మాట, కింద మీకు దొరికిన పాత వీడియో లింకు. అంతే.