షుగర్ కిడ్నీ అనుకున్నాం, బయాప్సీలో లైట్ చైన్ అని తేలింది

మీ అమ్మగారికి మూడేళ్ళుగా షుగర్, కాళ్ళవాపు, యూరిన్‌లో ప్రోటీన్. కిడ్నీ ముక్క తీసి చేసిన బయాప్సీలో లైట్ చైన్ డిపోజిషన్ డిసీజ్ అని రాశారు, కిడ్నీ డాక్టరేమో రక్తపు జబ్బులు చూసే హెమటాలజిస్టు దగ్గరికి పంపారు. అక్కడ బోర్డు మీద క్యాన్సర్ విభాగం అని చూసి, పొరపాటున పంపారేమో అని అడుగుతున్నారు. పొరపాటు కాదండీ, సరైన చోటికే పంపారు. నేను డాక్టర్ని కాను. మా నాన్నగారికి ఇదే జబ్బు, రెండేళ్ళుగా ఆయన వెంట తిరుగుతున్నాను, ఆ అనుభవంతో చెబుతున్నాను.

మా నాన్నగారికీ షుగర్ ఉంది, అప్పటికి బయటపడి రెండేళ్ళే. కిడ్నీ దెబ్బతినే కొద్దీ రక్తంలో పెరిగే క్రియాటినిన్ 1.6 నుంచి ఏడు నెలల్లో 3.1కి పోయింది. మేం చూపించుకున్న ఆసుపత్రిలో ప్రతిసారీ "షుగర్ కిడ్నీ అండీ, ఉప్పు తగ్గించండి" అని వాపు మాత్రలు రాసి పంపేవాళ్ళు. చివరికి అనుమానం పుట్టించింది కళ్ళ డాక్టరమ్మ. అద్దాలు మార్పించడానికి వెళ్తే, "రెటీనా శుభ్రంగా ఉంది, షుగర్ వల్ల కిడ్నీ ఇంత పాడైతే కళ్ళలోనూ సాధారణంగా కనిపించాలే" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని హైదరాబాద్ వెళ్ళి బయాప్సీ చేయించాం.

ఇంకో తమాషా ఏమిటంటే, మామూలు మైక్రోస్కోపులో ఈ జబ్బు కూడా షుగర్ కిడ్నీలాగే గడ్డలు గడ్డలుగా కనిపిస్తుందట. లైట్ చైన్లలో కప్పా, లాంబ్డా అని రెండు రకాలు. ఆ ముక్కలో ఏది పేరుకుందో వెలిగించి చూపే ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్షలో కప్పా ఒక్కటే వెలిగి, లాంబ్డా వెలగకపోవడంతో అసలు సంగతి బయటపడింది. రిపోర్టులో కాంగో రెడ్ (అదొక రంగు పరీక్ష) నెగటివ్ అని కూడా ఉంది. అది పాజిటివ్ వస్తే అమైలాయిడోసిస్ అనే జబ్బు, దీని దగ్గరి చుట్టమే. మీ అమ్మగారి రిపోర్టులో ఈ రెండు వాక్యాలు ఉన్నాయేమో వెతకండి.

జబ్బు సంగతి నాకు అర్థమైనంతలో ఇదీ. యాంటీబాడీలను తయారుచేసే ప్లాస్మా కణాలు ఎముక మూలుగలో ఉంటాయి. యాంటీబాడీలోని చిన్న ముక్కలే లైట్ చైన్లు. ఒకే కణం నుంచి పుట్టిన గుంపు ఒకటి అదుపు తప్పి, ఒకే రకం చైన్లను తెగ వదులుతుంది. అవి వెళ్ళి కిడ్నీ వడపోత గోడలకు పేరుకుంటాయి. డాక్టరు గారు బొమ్మ గీసి ఇదంతా చెబుతుంటే నాన్నగారు మధ్యలో అందుకుని, "అంటే పై కాలవ నుంచి బురద వస్తుంటే మనం కింద బోదెలో పూడిక తీస్తున్నామన్నమాట" అన్నారు. డాక్టరు గారు పెన్ను పక్కన పెట్టేశారు.

అందుకే హెమటాలజిస్టు. మూలుగ పరీక్షలో నాన్నగారికి ప్లాస్మా కణాలు 6 శాతం వచ్చాయి. 10 శాతం దాటి మైలోమా (ప్లాస్మా కణాల క్యాన్సర్) లక్షణాలుంటే దారి వేరు. మాది దాని కిందే ఉంది, కానీ కిడ్నీని పాడుచేస్తోంది కాబట్టి చూస్తూ కూర్చోకూడదన్నారు. ఇలా మైలోమా దాకా పోకుండానే కిడ్నీని పాడుచేసేవాటికి 2012లో ఎంజీఆర్‌ఎస్ అని విడిగా పేరు పెట్టారట. పేరు ఏదైనా మందులు మాత్రం మైలోమావే. "క్యాన్సర్ కాదంటూనే కీమో ఎందుకు?" అని మా అమ్మ నెల రోజులు అడుగుతూనే ఉంది.

పరీక్షల్లో ఒకటి మర్చిపోకండి, సీరం ఫ్రీ లైట్ చైన్, అంటే రక్తంలో విడిగా తిరిగే చైన్లను కొలిచేది. మాకు మొదట చేసిన, రక్తంలో ప్రోటీన్లను విడదీసి చూసే ఎలక్ట్రోఫోరెసిస్ నార్మల్ వచ్చింది, దాంతో అక్కడే ఆగిపోయేవాళ్ళం. ఈ పరీక్షలో కప్పా, లాంబ్డా నిష్పత్తి మామూలుగా 0.26 నుంచి 1.65 మధ్య ఉండాలి, కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళలో 3 దాకా పోవచ్చు. నాన్నగారిది 38. గుండెకు ఎకో కూడా తీశారు, ఈ చైన్లు అక్కడా పేరుకోవచ్చట.

ట్రీట్‌మెంట్ అంటే వారానికోసారి పొట్ట మీద బోర్టెజోమిబ్ ఇంజెక్షన్, దాంతోపాటు సైక్లోఫాస్ఫమైడ్, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. ఇంజెక్షన్‌తో పెద్ద ఇబ్బంది లేదు, మూడో నెల నుంచి పాదాల్లో తిమ్మిర్లు మొదలైతే డోసు తగ్గించారు. తిమ్మిరి రాగానే చెప్పేయాలి, ఓర్చుకోకూడదు. అగ్గిబొబ్బలు రాకుండా ఎసైక్లోవిర్ కూడా రాశారు. అసలు తంటా డెక్సాతో. అది వేసుకున్న రాత్రి నిద్ర ఉండదు, షుగర్ 400 దాకా ఎగిరింది. ఓసారి రాత్రి రెండింటికి లేచి చూస్తే, నాన్నగారు హాల్లో లైటేసుకుని వేరుశెనక్కాయలు వలుస్తున్నారు. తెల్లారేసరికి బస్తాలో సగం ఖాళీ. డెక్సా వేసుకునే రోజుల్లో ఇన్సులిన్ ఎంత పెంచాలో ముందే షుగర్ డాక్టరుతో మాట్లాడి పెట్టుకోండి.

చుట్టాలు కొండపిండాకు పప్పు తినిపించమంటారు, భస్మాలు తెస్తారు. మా మేనత్త రెండూ తెచ్చింది. ఇక్కడ కరగాల్సిన రాళ్ళేం లేవు, కిడ్నీ బలహీనంగా ఉంటే ఆకుకూరల్లో పొటాషియం కూడా లెక్క చూసుకోవాలి. ఇక మోకాళ్ళ నొప్పికని డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు మాత్రం వద్దేవద్దు.

ఆరు నెలల తర్వాత నాన్నగారి నిష్పత్తి 2.4కి దిగింది. క్రియాటినిన్ 2.3 దగ్గర ఆగింది, డయాలసిస్ అవసరం పడలేదు. పోయిన ఏడు నెలలు పోయాయి, ఆ నష్టం పూర్తిగా పూడలేదు. అందుకే అపాయింట్‌మెంట్ వాయిదా వేయకండి.

ఇంకొక్కటి, ఫ్రీ లైట్ చైన్ పరీక్ష ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించండి. ఒక్కో ల్యాబ్ పద్ధతిని బట్టి అంకెలు మారతాయి. మేం ఓసారి ల్యాబ్ మార్చి, కప్పా పెరిగిందని రెండు రోజులు ఇంట్లో ఎవరం సరిగ్గా అన్నం తినలేదు. పాత ల్యాబ్‌లో మళ్ళీ ఇస్తే ఎప్పటి అంకే వచ్చింది.