నవలకి ఐడియాలు అడిగారు కదా, మా పిన్ని గేటు దగ్గర మొదలుపెట్టండి

మీ ప్రశ్న ఏంటంటే, తెలుగమ్మాయికీ వేరే జాతి అబ్బాయికీ ప్రేమ, దాని మీద నవల రాద్దామనుకుంటున్నారు, కానీ అమ్మానాన్న ఒప్పుకోకపోవడం చివర్లో ఒప్పేసుకోవడం తప్ప ఇంకేం తట్టట్లేదు. నేను రచయితని కాదండి. మాది భీమిలి దగ్గర, మా ఆయన జార్జియాలో పుట్టి పెరిగిన నల్లజాతి అమెరికన్, పెళ్ళయ్యి తొమ్మిదేళ్ళు. కాబట్టి ఇంట్లో జరిగినవే చెప్తా, పనికొస్తే తీసుకోండి.

ముందు ఆ ఒప్పుకుంటారా లేదా అనేదాన్ని పక్కన పెట్టేయండి. మా వాళ్ళు రెండు నెలలు ఏడ్చి ఒప్పేసుకున్నారు. అసలు గొడవంతా ఒప్పుకున్నాకే మొదలైంది, ఎందుకంటే మా అమ్మ చుట్టాలందరికీ "అమెరికా అబ్బాయి" అని చెప్పి ఊరుకుంది. అబద్ధం కాదు కదా! విన్నవాళ్ళు ఎవరికి వాళ్ళు ఒక తెల్లదొరని ఊహించేసుకున్నారు. ఎనిమిది నెలలు ఒక్క ఫోటో కూడా ఫ్యామిలీ గ్రూపులో పెట్టనివ్వలేదు, "దిష్టి తగులుతుందే" అనేది. అదే మా పెదనాన్న కొడుకు తెల్లమ్మాయిని చేసుకున్నప్పుడు ఎంగేజ్‌మెంట్ ఫోటోలు అరగంటలో గ్రూపులోకి వచ్చేశాయి, దొరసానిలా ఉంది దొరసానిలా ఉంది అని ఒకటే మెసేజులు. ఆవిడకి తగలని దిష్టి మాకే తగిలేదేమో.

పెళ్ళి అట్లాంటాలోనే చేసుకున్నాం, తర్వాత ఊరొచ్చాం. వైజాగ్‌లో మా పిన్ని వాళ్ళింటి ముందు కారు ఆగింది. మా ఆయన ముందు దిగి, డిక్కీ తీసి సూట్‌కేసులు దించుతున్నాడు. పిన్ని ఎర్రనీళ్ళ పళ్ళెం పట్టుకుని గేటు దగ్గరకొచ్చింది, ఈయన నమస్తే అంటూ వెళ్ళాడు, ఆవిడ తల ఊపేసి ఈయన భుజం మీంచి కారులోకి చూస్తోంది. పెళ్ళికొడుకు ఇంకా దిగలేదేమో అని. నేను దిగి ఈయన పక్కన నిలబడే దాకా ఆ పళ్ళెం అలాగే గాల్లో ఉంది, కర్పూరం ఆరిపోయింది, మళ్ళీ వెలిగించారు. రాత్రి ఈయన అడిగాడు, మీ పిన్ని కారులో ఎవరి కోసం చూసింది అని. సామాన్లు అన్నీ దించారో లేదో అని చూసింది అన్నా నేను. అంత టక్కున అబద్ధం ఎలా వచ్చిందో నాకే తెలీదు. ఆయన నమ్మలేదని నాకు తెలుసు, నమ్మినట్టు ఊరుకున్నాడని కూడా తెలుసు. ఇప్పటికీ మేం దాని గురించి మాట్లాడుకోలేదు. మీ నవల ఇక్కణ్ణుంచి మొదలైతే నేనైతే కొనుక్కుని చదువుతా.

అలాగని అవతలి వాళ్ళని మరీ దేవుళ్ళని చేసేయకండి, చాలామంది అదే చేస్తారు. మా ఆయన మేనత్త మొదటిసారి కలిసినప్పుడే నన్ను పట్టుకుని అడిగేసింది, "మీ ఇండియా వాళ్ళ పెట్రోల్ బంకు షాపులోకి నేనెళ్తే కౌంటర్లో ఉన్నాయన ఏదో కొట్టేస్తానన్నట్టు నా చేతుల వంకే చూస్తుంటాడు, నీ చేతులు కూడా చూస్తాడా?" అని. నవ్వుతూనే అడిగింది. చూడడండి అనలేను, చూస్తాడనీ అనలేను. మరి ఆవిడే పెళ్ళికి ముందు వారం నాకు అరవై మందికి ఎలా వండాలో నేర్పింది.

పెళ్ళి సీన్ కావాలంటే చీపురు గురించి రాయండి. అమెరికా నల్లవాళ్ళలో చాలామంది పెళ్ళి తంతు అయ్యాక వధూవరులు చెయ్యి చెయ్యి పట్టుకుని నేల మీద పెట్టిన చీపురు మీంచి దూకుతారు. బానిసలుగా ఉన్న రోజుల్లో వాళ్ళ పెళ్ళికి చట్టంలో విలువే లేదు, కాబట్టి నలుగురి ముందు చీపురు దాటడమే వాళ్ళకి పెళ్ళి. మనకేమో చీపురు లక్ష్మీదేవి, కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాం, దాటడమే? రిబ్బన్లు కట్టిన ఆ చీపురు చూసి మా అమ్మ మొహం మాడిపోయింది. మా అత్తగారు కూర్చోబెట్టి తన ముత్తవ్వ సంగతులన్నీ చెప్పింది, నేను మధ్యలో తెలుగులోకి చెప్తున్నా, అమ్మ అంతా విని కాసేపు ఆలోచించి "కొత్తదే కదే, ఇంకా దాంతో ఏమీ ఊడవలేదు కదా, అయితే తప్పులేదులే" అంది. మన వాళ్ళకి శాస్త్రంలో సందు దొరికితే చాలు. మేం దూకాక వెళ్ళి ఆ చీపురు తీసి కళ్ళకద్దుకుని గోడకి చేరేసింది. అది చూసి మా అత్తగారు ఏడ్చేసింది. ఇటు మన తంతులో జీలకర్ర బెల్లం మా ఆయన డ్రెడ్‌లాక్స్‌లోకి, అంటే తాళ్ళలా జడలు కట్టిన జుట్టులోకి, దిగిపోయింది, నాలుగు రోజులు తలస్నానం చేసినా జీలకర్ర రాలుతూనే ఉంది, అదో ప్రహసనం.

కొంచెం చరిత్ర కలపాలంటే, మా మామగారు పుట్టేనాటికి జార్జియాలో నల్లవాళ్ళు తెల్లవాళ్ళని పెళ్ళి చేసుకోవడం నేరం. వర్జీనియాలో లవింగ్ అనే జంటని 1958లో అర్ధరాత్రి పడగ్గదిలోకి పోలీసులొచ్చి పట్టుకెళ్ళారు, వాళ్ళ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1967 జూన్ 12న తీర్పొచ్చాకే ఆ చట్టాలు పోయాయి, అప్పటికి ఇంకా 16 రాష్ట్రాల్లో ఉన్నాయి. పక్కనున్న అలబామా తన రాజ్యాంగంలోంచి ఆ వాక్యం తీసింది 2000లో, అదీ జనం చేత ఓటేయించి.

కానీ మీరు తెలుగు నవల రాస్తున్నారు కాబట్టి నా ఓటు రంగానికి. రంగం అంటే రంగూన్ అండి, మా వైపు పెద్దవాళ్ళు అలాగే అంటారు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని స్టీమరెక్కి అక్కడ రేవులో, బియ్యం మిల్లుల్లో కూలికెళ్ళేవారు, కొంతమంది బర్మా ఆడవాళ్ళని చేసుకుని అక్కడే ఉండిపోయారు. 1930 మే నెలలో మన కూలీలు రేవులో సమ్మె చేస్తే కాంట్రాక్టర్లు బర్మా వాళ్ళని పనిలో పెట్టారు, సమ్మె అయ్యాక మళ్ళీ మనవాళ్ళని తీసుకుని వాళ్ళని పొమ్మన్నారు, దాంతో ఘోరమైన అల్లర్లు. ఆ వారం రంగూన్లో ఒక తెలుగు కూలీ, అతని బర్మా భార్య, ఆవిడ అన్నదమ్ములు అవతల పక్క. ఇంక విలన్ ఎందుకు చెప్పండి?

ఇది నాకెలా తట్టిందంటే, నా పెళ్ళి గొడవలో ఇంట్లో అందరూ అరుచుకుంటుంటే మూల మంచం మీంచి మా మామ్మ అంది, "మన రంగం తాత బర్మా ఆవిణ్ణి చేసుకోలేదేటి, అప్పుడేటయిపోనాది?" అని. ఇల్లంతా నిశ్శబ్దం. ఆయన మా ముత్తాత తమ్ముడు, జపాన్ బాంబులేశాక 1942లో లక్షలమందితో పాటు అడవులు పట్టుకుని నడిచొచ్చాడట, ఒక్కడే. ఆవిడ ఏమైందని ఎవరూ అడగలేదు, అడిగినా చెప్పలేదు. యుద్ధం అయ్యాక ఆయనకి ఒక ఉత్తరం వచ్చింది, మామ్మ దాన్ని పెట్టెలో చీరల కింద దాచింది. నేను చూశా. మన అక్షరాల్లాగే గుండ్రంగా ఉంటాయి, చదివేయగలం అనిపిస్తుంది, ఒక్క ముక్క అర్థం కాదు. అట్లాంటాలో బర్మా వాళ్ళని అడిగి చదివించొచ్చు, ఫోన్లో ఫోటో కూడా ఉంది. మా చిన్నాన్న వద్దంటున్నాడు.